నీలం ఆకుల బొమ్మ

ఈ మధ్య మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు, "ముందు గదిలో పూల బొమ్మ ఉండేది కదా, ఏదీ?" అని. గోడకి మేకు మాత్రం మిగిలింది. బొమ్మని అమ్మెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మెట్ల కింద సొరుగులో, అట్టపెట్టెలో పెట్టాను. ఎందుకు పెట్టానో వాళ్ళు టీ తాగి లేచేలోపు చెప్పలేకపోతున్నాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మేం నెదర్లాండ్స్‌లో హార్లెమ్ అనే ఊరికి వచ్చాక మొదటి వసంతం, 2015. ఏప్రిల్ 27న ఇక్కడి రాజుగారి పుట్టినరోజు. ఆ రోజు ఎవరైనా సరే ఇంట్లో పాత సామాన్లు వీధిలో పరుచుకుని అమ్ముకుంటారు. మా వీధి చివర ఒక పెద్దావిడ మడత కుర్చీలో కూర్చుని, ముందు దుప్పటి మీద కాఫీ కప్పులూ, పిల్లల స్కేట్లూ, ఒక ఇత్తడి గంటా పెట్టుకుంది. వెనకాల గోడకి ఆనించి ఈ బొమ్మ. గాజు మీద దుమ్ము. నేను వంగి కొంగుతో తుడిచినట్టే స్కార్ఫ్ కొసతో తుడిచాను. ఒక పీచ్ పండూ, దాని మీద ఒక ఈగా కనబడ్డాయి. ఈగని తోలబోయాను. ఆవిడ నవ్వి, "అది మా అమ్మమ్మ వాళ్ళింటి ఈగ, ఎప్పుడూ లేవదు" అంది. అరవై యూరోలు. అప్పుడు మాకది చిన్న డబ్బేం కాదు. మా ఆయన నా మొహం చూసి, ఏం మాట్లాడకుండా పర్సు తీశారు.

బొమ్మ పెద్దది కాదు. జానెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు. నీటిరంగులు. పాలరాతి గట్టు మీద మట్టిరంగు పూలకుండీ. కుండీ నిండా పూలు. నడుమ ఒక పెద్ద గులాబీ, బరువుకి తల వాల్చేసి. సెంటిఫోలియా అంటారు దాన్ని, నూరు రేకులది అని అర్థం, డచ్చివాళ్ళ తోటల్లో పెరిగిన జాతి. దాని పక్కన ఎర్ర చారల తెల్ల ట్యూలిప్. పైన తెల్ల పియోనీ, ఒక గసగసాల పువ్వు. గట్టు మీద నల్లద్రాక్ష గుత్తి ఒకటి, పచ్చద్రాక్ష గుత్తి ఒకటి, రెండు పీచ్ పళ్ళు, పగలగొట్టిన అక్రోటు కాయ. ద్రాక్షాకు మీద ఒక నీటిబొట్టు.

ఆ నీటిబొట్టు కోసమే నేను భూతద్దం కొన్నాను. బొట్టు పై అంచున కొంచెం చీకటి, కింది అంచున కొంచెం వెలుతురు, చీకటి పక్కన ఆవగింజలో సగమంత తెలుపు. ఆ తెలుపు రంగు కాదు, కాగితం. వేసినవాళ్ళు ఆ మాత్రం చోటు తడపకుండా వదిలేశారు. చుట్టూ ఆకు ఈనెలు గీస్తూ, నీడలు పూస్తూ, రోజుల తరబడి ఆ చుక్కని కాపాడుకుంటూ పనిచేసి ఉంటారు. నూనెరంగుల్లో అయితే ఆఖర్న ఒక తెల్లచుక్క పెట్టెయ్యొచ్చు. నీటిరంగుల్లో తెలుపు మొదటే ఉంటుంది, పోగొట్టుకోకుండా ఉండటమే పని. నేను ఆ ద్రాక్షాకుని ఎన్నిసార్లు వేసి చూశానో. చుక్క నిలిచింది అనుకునేలోపు పక్కనున్న తడి దాన్ని మింగేసేది.

కింద సంతకం లేదు. ఎవరు వేశారో తెలియదనే దిగులు నాకు ఎప్పుడూ కలగలేదు. డచ్చి దేశంలో ఈ పని పెద్ద పేరున్నవాళ్ళొక్కరే చెయ్యలేదు. హోర్న్ అనే ఊళ్ళో హెర్మన్ హెన్‌స్టెన్‌బర్గ్ అని ఒకాయన ఉండేవాడు, 1667లో పుట్టి 1726లో పోయాడు. ఆయన వృత్తి మిఠాయిలూ, కేకులూ కాల్చడం. ఆయనకి బొమ్మలు నేర్పిన యొహానెస్ బ్రోంక్‌హోర్స్ట్‌ది కూడా అదే వృత్తి. పొయ్యి దగ్గర పని ముగిశాక పూలూ, పిట్టలూ, పురుగులూ నీటిరంగుల్లో వేసేవాళ్ళు. ఫెఖ్ట్ నది ఒడ్డున పెద్ద తోట పెంచిన అహ్నేటా బ్లాక్ అనే ఆవిడ తన మొక్కల బొమ్మలు వీళ్ళ చేతా, పూలూ పురుగుల బొమ్మలకి పేరుపడ్డ మరియా సిబిల్లా మేరియన్ చేతా వేయించుకుంది. నెదర్లాండ్స్ నేల మీద అనాసపండు మొదట పండించింది ఆ తోటలోనే, 1687లో అంటారు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ముందుగా అడిగితే కాగితపు బొమ్మలు తీసి చూపించే గది ఉంది. అక్కడ హెన్‌స్టెన్‌బర్గ్ బొమ్మలు బల్ల మీద పెట్టుకుని చూశాను. నిన్న సాయంత్రం వేసినంత నిగనిగగా ఉన్నాయి. ఆ నిగనిగ నన్ను ఎందుకు ఇబ్బంది పెట్టిందో అప్పుడు అర్థం కాలేదు. మా ఇంట్లో బొమ్మ అలా లేదు, అంతే అనుకున్నాను.

ఈ దేశంలో నాలుగు ఋతువులూ ఒకసారి తిరిగి చూశాక ఇంకోటి తెలిసింది. ఆ కుండీలో పూలు ఒక్కరోజు పూసేవి కావు. ట్యూలిప్ ఏప్రిల్‌లో వస్తుంది, పియోనీ మే ఆఖర్న, ఆ గులాబీ జూన్‌లో. ద్రాక్ష సెప్టెంబరు దాకా పండదు, అక్రోటు అక్టోబరు. మన దగ్గర ఒకే పళ్ళెంలో బంగినపల్లి మామిడీ, కార్తీక మాసపు చేమంతులూ పెట్టినట్టు. వేసినవాళ్ళు ఒక్కొక్క పువ్వునీ అది పూసినప్పుడు చూసి వేసుకుని, ఏడాది పొడుగునా పోగుచేసుకున్న బొమ్మలతో ఈ కుండీ నింపేవాళ్ళు. ఇందులో అందరికంటే పేరున్న యాన్ వాన్ హౌసమ్ (1682–1749) అయితే ఎదురుగా పువ్వు లేనిదే వెయ్యనని కూర్చునేవాడు. 1742లో ఒక ఉత్తరంలో, పసుపు గులాబీ దొరకలేదు కాబట్టి బొమ్మ పూర్తి కాలేదని రాశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన వేసిన పూలకుండీ మీద రెండు సంవత్సరాలు వేసి ఉన్నాయి, 1736, 1737. బొమ్మ తెప్పించుకునే మారాజు ఎవరైనా కానీ, గులాబీకి ఇష్టమైనప్పుడే. నాకు ఆ మనిషి మీద గౌరవం ఆ ఉత్తరం వల్లే. ఆ ట్యూలిప్ చారల గురించి కూడా ఒక మాట. 1637లో హార్లెమ్‌లో ఒక్కొక్క దుంపకి ఇల్లంత ధర పలికిందని కథలు కథలుగా చెబుతారే, అవి ఇలాంటి చారల ట్యూలిప్‌లే. చారలు తెగులు వల్ల వచ్చేవని, పేనుబంక పురుగు మోసే వైరస్ వల్ల అని 1920ల చివర్లో కనిపెట్టారు.

బొమ్మ ఏడేళ్ళు మా గోడ మీద ఉంది. దక్షిణపు కిటికీకి ఎదురుగా. ఇంట్లో మంచి వెలుతురు పడే చోటు అదే కదా అని ప్రేమతో నేనే ఎంచి పెట్టాను. ఇక్కడ జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది.

ఒక్కటి మాత్రం మొదటినుంచీ వింతగా ఉండేది. ఆకులు నీలంగా ఉండేవి. పచ్చదనం ఛాయ లేని, ఉతికిన లుంగీ లాంటి నీలం. గులాబీ కూడా తెలుపుకి దగ్గర, గులాబీ రంగు అన్నది రేకుల లోపల మడతల్లోనే. ఈ దేశపు మబ్బు వెలుతురులో ఆకులు అలానే కనిపిస్తాయేమో, వేసినవాళ్ళ కన్ను అలాంటిదేమో అనుకున్నాను. అనుకోవడమేంటి, ఇష్టపడ్డాను. చల్లగా, పొద్దున్నే మంచులో తోట చూసినట్టు ఉండేది. వచ్చినవాళ్ళకి ఆ నీలాన్నే గొప్పగా చూపించేదాన్ని.

2022లో ఇల్లు మారేటప్పుడు దించి చూస్తే కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తున్నాయి. భయపడి, పాత కాగితాలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ బల్ల మీద బోర్లించి, వెనక తుప్పు మేకులు ఒక్కొక్కటీ పట్టకారుతో లాగింది. చెక్క పలక తీసింది. గాజుకీ బొమ్మకీ మధ్య, అంచుల చుట్టూ ఉండే అట్ట మౌంటు వయసుకి టీ రంగులోకి తిరిగిపోయి ఉంది. దాన్ని సన్నటి కత్తితో కొంచెం కొంచెంగా విడదీసి పైకెత్తింది.

మౌంటు కింద దాగి ఉన్న అంచు, బియ్యపు గింజ పొడవంత వెడల్పు ఉంటుందేమో, బొమ్మ చుట్టూ ఒక సన్నని పట్టీలాగా బయటపడింది. ఆ పట్టీలో ఎడమవైపు ఒక గులాబీ ఆకు కొస ఉంది. పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు, వాన పడ్డ మర్నాడు గోరింటాకు కొమ్మ ఉంటుందే, అలా. ఒకే ఆకు. కొస పచ్చ, మిగతాదంతా నీలం. మధ్యలో కత్తితో కోసినట్టు గీత. కింద ఒక రాలిన రేకు కూడా ఆ గీత దాటింది. ఇవతల పాలిపోయి, అవతల దానిమ్మగింజ రంగులో.

నేను ఏం మాట్లాడలేకపోయాను. ఆవిడే నెమ్మదిగా చెప్పింది. ఆకుపచ్చ ఒక రంగు కాదు, రెండు. కింద నీలం, పైన పసుపు. ఆ రోజుల్లో పసుపు పచ్చికాయల రసాలనుంచీ, మొక్కల కాడలనుంచీ తీసేవాళ్ళు. వెలుతురు ముందుగా దాన్నే తినేస్తుంది. నీలం మొండిది, ఉండిపోతుంది. గులాబీ ఎరుపుదీ అదే గతి. వెలుతురు తిన్నది చీకట్లో పెట్టినా తిరిగి రాదు. మ్యూజియంలలో నీటిరంగుల బొమ్మలకి 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు, అదీ కొన్ని నెలలే, తర్వాత ఏళ్ళ తరబడి చీకటి పెట్టెలో. మరి మా దక్షిణపు కిటికీ? అడిగాను. ఆవిడ నా చెయ్యి తట్టి, "మీకంటే ముందు నూరేళ్ళ కిటికీలు ఉన్నాయి" అంది. ఓదార్పుకే అని ఉండొచ్చు. నా ఏడేళ్ళు నావే.

రైక్స్ మ్యూజియం బల్ల మీద హెన్‌స్టెన్‌బర్గ్ పూలు ఎందుకంత నిగనిగలాడాయో అప్పుడు తెలిసింది. అలాంటి బొమ్మలు గోడ చూసినవి కావు. ఆల్బమ్‌లో మూసి ఉంచి, ఇష్టమైనవాళ్ళు వచ్చినప్పుడు తెరిచి చూపించినవి.

ఇంటికొస్తూ రైల్లో నాకు గుర్తొచ్చింది మాత్రం మా మామ్మ. నేను ఇది ముందే విన్నాను. ముప్పై ఏళ్ళ కిందట, బందరులో, మా ఇంటి వసారాలో.

మా మామ్మ పుట్టిల్లు పెడన. వాళ్ళది అద్దకం పని చేసిన ఇల్లు. ఆవిడ పెళ్ళినాటి దుప్పటి ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది. నడుమ చెట్టు, చుట్టూ తీగలు, తీగలకి పూలు. ఏటా భోగికి ముందు పెట్టెలో సామానంతా ఎండలో వేసేవాళ్ళు. ఆ తీగల ఆకులు నీలంగా ఉండేవి. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. "మామ్మా, ఆకులు నీలంగా ఉంటాయా?" అన్నాను. ఆవిడ కూరగాయ తొక్కు తీస్తూనే, తల ఎత్తకుండా, "వేసినప్పుడు పచ్చనివేనే. పైన పసుపు పోయింది, కింద నీలి నిలబడింది" అంది.

అద్దకంలో ఆకుపచ్చ అలానే చేస్తారు. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలల్లో తడిపి ఆరబెట్టాక, బెల్లపు నీళ్ళలో తుప్పు ఇనుము నానేసి చేసిన నలుపుతో గీతలు వేస్తారు. పటిక అద్దిన చోట ఎరుపు పట్టేలా చిరివేరులో ఉడకబెడతారు. నీలం ఎక్కకూడని చోట్ల మైనం పూసి నీలిలో ముంచుతారు. అన్నిటికంటే ఆఖర్న, ఆకులున్న చోట ఆ నీలం మీద కరక్కాయ పువ్వుతో తీసిన పసుపు. అప్పుడు ఆకు పచ్చబడుతుంది. ఆఖర్న వచ్చిన పసుపే ముందు వెళ్ళిపోతుంది.

ఆ గుడ్డలు కొనడానికి మా ఊరికి వచ్చినవాళ్ళు వీళ్ళే. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పెట్టిన మూడు నాలుగేళ్ళకే బందరులో వాళ్ళ వర్తకపు కోఠీ వెలిసింది. బందరులో ఇవాళ్టికీ వలందపాలెం ఉంది. ఒలందులు అంటే హాలండువాళ్ళు. మేం బడికి ఆ దారిన వెళ్ళేవాళ్ళం, ఆ పేరుకి అర్థం ఎవరూ అడగలేదు. ఇక్కడివాళ్ళు ఆ గుడ్డని సిట్స్ అంటారు, మన 'చీటీ' గుడ్డ లాంటి మాటే. ఇక్కడి ఆడవాళ్ళు దానితో రవికెలు, లంగాలు, పసిపిల్లల టోపీలు కుట్టించుకున్నారు. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో అవి బోలెడు దాచారు. రైలెక్కి వెళ్ళి చూశాను. మసక వెలుతురులో, గాజు వెనకాల, కోరమాండల్ తీరపు పువ్వులు. ఎరుపు ఇంకా మండుతూనే ఉంది. ఆకులు నీలం.

ఇలా చూడటం మొదలుపెట్టాక అంతటా నీలం ఆకులే కనబడుతున్నాయి. వాన్ హౌసమ్ తన పనిగదిలోకి సొంత అన్నదమ్ముల్ని కూడా రానిచ్చేవాడు కాదట. ఒకే ఒక్క శిష్యురాలు, మార్గరెటా హావర్‌మన్. ఆవిడ 1716లో వేసిన పూలకుండీ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అది నూనెరంగుల బొమ్మే, అయినా అందులోనూ ఆకులు నీలంగా తిరిగిపోయాయి, పసుపు పోయి. ఆవిడ పారిస్ వెళ్ళి 1722లో అక్కడి రాజ అకాడమీలో చేరింది. చూపించిన బొమ్మ తను వేసింది కాదు, గురువుగారిదే అని అనుమానించి ఏడాది తిరక్కుండా పంపేశారు. ఆవిడవని చెప్పే బొమ్మలు ఇవాళ రెండే మిగిలాయి, ఇదీ, కోపెన్‌హాగెన్‌లో ఇంకోటీ. నాకు ఆ సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

కాగితం బాగుచేసే ఆవిడ బొమ్మని దీపానికి ఎత్తి పట్టుకుని నీటిగుర్తు కూడా చూపించింది. తేనెతుట్టె బొమ్మ, కింద హోనిగ్ అనే పేరు. హోనిగ్ అంటే తేనె. జాన్ నది పక్కన గాలిమరల మీద కాగితం చేసిన కుటుంబం వాళ్ళది. ఆ కాగితాన్నీ, పనితీరునీ చూసి బొమ్మ 1800ల మొదటి భాగానిది అని చెప్పింది. పాత నారబట్టలు పీలికలు చేసి, నీళ్ళలో దంచి చేసేవాళ్ళు ఆ కాగితం. అలాంటి మర ఒకటి, 1692లో కట్టింది, వెస్ట్‌జాన్‌లో ఇంకా గాలికే తిరుగుతోంది. పాపని తీసుకెళ్ళాను. గాలి లేని రోజు కావడంతో రెక్కలు కదల్లేదు, కాగితం మాత్రం కొనుక్కొచ్చుకున్నాను.

మచ్చలు ఆవిడ కొంతవరకు తగ్గించింది. "కొత్త మౌంటు కడతాను, ఆ పట్టీ కనబడేలానా, కనబడకుండానా?" అని అడిగింది. రెండు రోజులు ఆలోచించాను. కనబడేలా కడితే నేను రోజూ చూసుకోవచ్చు, కానీ నేను చూసేకొద్దీ అది తరుగుతుంది. దాన్ని మళ్ళీ కప్పమన్నాను. పైన ఒక మడత కాగితం, ఎత్తితే పట్టీ కనబడేలా. గోడ మీద పెట్టడం మానేశాను. కొందరు స్నేహితులు కంప్యూటర్లో పసుపు కలిపి పాత రంగులు తెప్పించి ప్రింటు తీసి గోడకి పెట్టుకోమన్నారు. ఒకసారి చేసి చూశాను కూడా. ఆకులన్నీ ఒకటే పచ్చ అయ్యాయి, ఆ నీటిబొట్టు చచ్చిపోయింది. తీసేశాను.

ఇప్పుడు నెలకొకసారి, మబ్బుగా ఉన్న ఆదివారం, నేనూ పాపా బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, పెట్టె తెరుస్తాం. ఒక అరగంట. పాప ముందు ఈగని పలకరిస్తుంది. తర్వాత మడత ఎత్తి ఆకు కొసని చూస్తాం. ఇద్దరం ఏం మాట్లాడుకోం. కింద అలవాటైన నీలం, పక్కన ఆ పచ్చ. నాకు ఆ నీలం మీద ఇష్టం తగ్గలేదు. నూరేళ్ళ పైచిలుకు ఎవరెవరి ఇళ్ళల్లోనో ఎండ పడి వచ్చిన రంగు అది.

మొన్న ఆదివారం పెట్టె మూశాక అమ్మకి వీడియో కాల్ చేశాను. మామ్మ దుప్పటి ఉందా అని అడిగాను. "ఎక్కడికి పోతుందే, పెట్టెలోనే ఉంది" అని ఫోను మంచం మీద పెట్టి వెళ్ళింది. చాలాసేపు నాకు ఫ్యానూ, ఇంటికప్పూ కనబడ్డాయి. కలరా ఉండలు రాలుతున్న చప్పుడు. తెచ్చి పరిచింది. నీలం తీగలు, అంచు మీదుగా నీలం ఆకులు.

"అమ్మా, అంచు మడిచి కుట్టారు కదా, ఆ మడత లోపల ఒకసారి చూడవా?"

"లోపలేముంటుందే?"

"చూడు."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. పక్కింటి అబ్బాయి ఫోను అడిగి తెచ్చుకుని టార్చి వేసింది. కుట్టు వదులుగా ఉన్న చోట వేలు దూర్చి, కొంచెం వెడల్పు చేసి, కన్ను దగ్గరగా పెట్టి చూసింది. కాసేపు మాట లేదు.

"ఒక ఆకు సగం లోపలికి పోయిందే. పచ్చగా ఉంది. మామ్మ చెప్పేది నిజమే." ఇంకా చూస్తూనే ఉంది. "కుట్టు విప్పనా, మొత్తం చూద్దువుగాని?"

"వద్దమ్మా," అన్నాను. "లైటు తీసెయ్యి."